ఆంక్షలు చమురు రాబడికి పెట్టిన కోత ఎంత? రష్యా ఖాతాతో లెక్క కట్టే పద్ధతి

2022లో రష్యా మీద వరసగా ఆంక్షలు పడ్డాయి. అదే ఏడాది ఆ దేశ ఖజానాకు చమురు, గ్యాస్ మీద వచ్చిన రాబడి 9.06 లక్షల కోట్ల రూబుళ్ల నుంచి 11.59 లక్షల కోట్లకు పెరిగింది. 2023లో 8.82 లక్షల కోట్లకు పడిపోయింది. 2024లో మళ్లీ 11.13 లక్షల కోట్లకు లేచింది. 2025లో దాదాపు 8.5 లక్షల కోట్లకు దిగింది. ఈ నాలుగు అంకెల్లో పెరిగినవి చూపించి ఆంక్షలు పనిచేయలేదనేవారు ఉన్నారు, తగ్గినవి చూపించి గట్టిగా పనిచేశాయనేవారూ ఉన్నారు. ఇరువైపులా జరుగుతున్న పొరపాటు ఒక్కటే. నిరుటి అంకెతో పోలుస్తున్నారు. ఆంక్షలు లేకుంటే అదే నెలలో అదే బ్యారెల్‌కు ఎంత వచ్చి ఉండేదో, దానితో పోల్చినప్పుడే కోత ఎంతో తెలుస్తుంది. ఆ ఊహా అంకెను నమ్మదగినట్టు ఎలా కట్టాలో, ఎక్కడెక్కడ తప్పు దొర్లుతుందో ఇక్కడ చెబుతున్నాం. ఒక స్ప్రెడ్‌షీటు, నెలవారీ అంకెలు, కాస్త ఓపిక ఉంటే ఎవరైనా చేయొచ్చు.

ముందు ఏ రాబడో తేల్చుకోండి

చమురు రాబడి అన్నప్పుడు ఒక్కొక్కరి మనసులో ఒక్కో అంకె ఉంటుంది. మొదటిది ఎగుమతి విలువ, అంటే విదేశాల నుంచి డాలర్లలో వచ్చే మొత్తం. అంతర్జాతీయ ఇంధన సంస్థ నెలనెలా వేసే అంచనా ఈ రకం. రెండోది రేవు దగ్గర ఓడలోకి ఎక్కించేటప్పుడు కంపెనీ చేతికి దక్కే ధర. దీన్నే ఎఫ్‌ఓబీ అంటారు. మూడోది ప్రభుత్వ ఖజానాకు పన్నుల రూపంలో రూబుళ్లలో వచ్చేది. రష్యా ఆర్థిక శాఖ ప్రతి నెల మొదటి వారంలో ప్రకటించేది ఇదే.

ఈ మూడూ ఒకే వైపు కదలాలని ఏమీ లేదు. డాలర్ రాబడి తగ్గిన నెలలోనే రూబుల్ పడిపోతే ఖజానా నిండుగా కనిపిస్తుంది. కంపెనీల రాబడి బాగున్నా రూబుల్ బలపడితే ఖజానా ఎండుతుంది. అందుకే షీటులో మూడింటికీ మూడు వరసలు పెట్టండి. ఏ రెండింటినీ కలపకండి. "రష్యా రాబడి 24 శాతం తగ్గింది" అనే వాక్యం ఎక్కడ కనిపించినా, ఈ మూడింటిలో ఏది అని అడగడం అలవాటు చేసుకోండి.

తేదీల వరస

నెలవారీ పట్టికలో ఆంక్షల తేదీలకు ఒక నిలువు గడి కేటాయించండి. అమెరికా రష్యా చమురు దిగుమతిని నిషేధించింది 2022 మార్చి 8న. యూరోపియన్ యూనియన్ బొగ్గు నిషేధం 2022 ఆగస్టు 10 నుంచి. అసలు పెద్ద దెబ్బ 2022 డిసెంబర్ 5న పడింది. సముద్రం మీద వచ్చే ముడిచమురును యూరప్ నిషేధించింది, జీ7 దేశాలు బ్యారెల్‌కు 60 డాలర్ల ధర పరిమితి పెట్టాయి. 2023 ఫిబ్రవరి 5న శుద్ధి చేసిన ఉత్పత్తుల వంతు వచ్చింది: డీజిల్ లాంటి వాటికి 100 డాలర్లు, ఫ్యూయల్ ఆయిల్ లాంటి చవక రకాలకు 45. 2025 జనవరి 10న అమెరికా రష్యా చమురు కంపెనీలైన గాజ్‌ప్రోమ్ నెఫ్ట్, సుర్గుట్‌నెఫ్ట్‌గాజ్‌లతో పాటు 180కి పైగా ఓడలను ఆంక్షల జాబితాలో పెట్టింది. 2025 సెప్టెంబర్ 3 నుంచి యూరప్, బ్రిటన్ ముడిచమురు పరిమితిని 47.60కి దించాయి. అమెరికా ఆ దించుడులో కలవలేదు. 2025 అక్టోబర్ 22న రోస్‌నెఫ్ట్, లుకోయిల్ కూడా అమెరికా జాబితాలోకి ఎక్కాయి.

పక్కనే ఇంకో గడి పెట్టండి. ఆంక్షలు కాకపోయినా రాబడిని కదిపిన సంఘటనలు అందులో రాయాలి. 2022 సెప్టెంబర్ 26న రష్యా నుంచి జర్మనీకి గ్యాస్ తీసుకెళ్లే నార్డ్ స్ట్రీమ్ పైపుల పేలుడు, 2023 మార్చి నుంచి రష్యా తనంత తానుగా రోజుకు 5 లక్షల బ్యారెళ్ల ఉత్పత్తి తగ్గించుకోవడం, 2025 జనవరి 1న ఉక్రెయిన్ మీదుగా గ్యాస్ రవాణా ఆగిపోవడం, శుద్ధి కర్మాగారాల మీద, రేవుల మీద డ్రోన్ దాడులు. ఈ రెండో గడి లేకుండా మొదలుపెట్టిన లెక్కలో పరిమాణం తగ్గిన ప్రతి నెలా ఆంక్షల ఖాతాలోకి పోతుంది. అది నిజం కాదు.

పరిమాణం: ఎంత చమురు బయటికి పోయింది

2022 వసంతం నుంచి రష్యా కస్టమ్స్ వివరమైన అంకెలు ఇవ్వడం మానేసింది. 2023లో చమురు ఉత్పత్తి అంకెలూ ఆగిపోయాయి. కాబట్టి రెండు దారుల్లో పోవాలి. ఒకటి, ట్యాంకర్ల జాడ పట్టే సంస్థల అంకెలు. కెప్లర్, వోర్టెక్సా లాంటివి ఓడల స్థాన సంకేతాలు, ఉపగ్రహ చిత్రాలు చూసి లెక్క కడతాయి. రెండోది అద్దం లెక్క: అమ్మినవాడు చెప్పకపోతే కొన్నవాడి కస్టమ్స్ అంకెలు చూడటం. చైనా, భారత్, తుర్కియే, యూరోపియన్ యూనియన్ గణాంక సంస్థ యూరోస్టాట్ నెలవారీ అంకెలు ప్రకటిస్తాయి. ముడిచమురుకు కస్టమ్స్ కోడ్ 2709, ఉత్పత్తులకు 2710, గ్యాస్‌కు 2711.

ఇక్కడ తప్పులు కుప్పలుగా జరుగుతాయి. అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది కజకిస్తాన్ చమురును రష్యా చమురుగా లెక్కపెట్టడం. రష్యా నల్ల సముద్రపు రేవు నోవోరోసీస్క్ పక్కన ఓడల్లోకి ఎక్కే సీపీసీ (కాస్పియన్ పైప్‌లైన్ చమురు) రకంలో అధిక భాగం కజకిస్తాన్‌దే. రష్యా బాల్టిక్ రేవు ఉస్త్-లూగా నుంచి వెళ్లే కజకిస్తాన్ చమురుకు ఆ దేశం 2022 జూన్‌లో కెబ్కో అని వేరే పేరే పెట్టుకుంది, కొనేవాళ్లు భయపడకుండా ఉండటానికి. రష్యా రేవుల మొత్తం నుంచి ఈ రెండింటినీ తీసేయకపోతే పరిమాణం బాగా ఉబ్బుతుంది. పైగా వాటి మీద ఆంక్షల తగ్గింపు (ఆంక్షల వల్ల ప్రపంచ ధర కంటే తక్కువకు అమ్మడం) ఉండదు కాబట్టి సగటు తగ్గింపు కూడా చిన్నదిగా కనిపిస్తుంది. అంటే ఒకే తప్పు రెండు చోట్ల కరుస్తుంది.

రెండోది ఓడ నుంచి ఓడకు మార్పిడి. గ్రీసు దక్షిణ తీరంలోని లకోనియా అఖాతం, స్పెయిన్‌కు చెందిన స్యూటా దగ్గరి జలాలు ఇందుకు పేరు పడ్డాయి. చిన్న ట్యాంకర్లు తెచ్చిన సరుకు పెద్ద ఓడలోకి మారుతుంది. బయలుదేరిన చోట ఒకసారి, మారిన చోట ఇంకోసారి లెక్కపెడితే రెట్టింపవుతుంది. ఎక్కించిన రేవు దగ్గర మాత్రమే లెక్కపెట్టండి, మధ్యలో ఏం జరిగినా పట్టించుకోకండి.

మూడోది నెలల తేడా. బాల్టిక్ రేవు ప్రిమోర్స్క్ నుంచి నెదర్లాండ్స్‌లోని రాటర్‌డామ్‌కు ఓడ దాదాపు వారంలో చేరేది. అదే సూయజ్ మీదుగా భారత పశ్చిమ తీరానికి నెల దాకా పడుతుంది. కాబట్టి డిసెంబర్‌లో ఎక్కించిన సరుకు కొన్న దేశపు కస్టమ్స్‌లో జనవరిలో కనిపిస్తుంది. అద్దం లెక్కను ఒక నెల వెనక్కి జరపకుండా పోల్చితే, ఆంక్షలు మొదలైన నెలలో లేని పతనం, తర్వాతి నెలలో లేని పెరుగుదల పుట్టుకొస్తాయి.

టన్నులను బ్యారెళ్లలోకి మార్చేటప్పుడు రష్యా ముడిచమురులో ప్రధానమైన ఉరల్స్ రకానికి టన్నుకు 7.3, డీజిల్‌కు 7.45, ఫ్యూయల్ ఆయిల్‌కు 6.35 వాడండి. అన్నిటికీ ఒకే గుణకం వేస్తే ఫ్యూయల్ ఆయిల్ విలువ ఏడో వంతు దాకా ఎక్కువ పడుతుంది.

అద్దం లెక్కను ఎంతవరకు నమ్మాలో ఇరాన్ నేర్పుతుంది. ఇరాన్ చమురు చైనాకు పెద్ద మొత్తంలో చేరుతున్నా చైనా కస్టమ్స్ పట్టికలో దాని పేరు దాదాపు కనిపించదు. ఆ స్థానంలో మలేసియా నుంచి, ఆ దేశం తీసే చమురు కంటే ఎక్కువ దిగుమతి అయినట్టు ఉంటుంది. రష్యా విషయంలో కొనుగోలుదారులు ఇంతగా దాచడం లేదు, అందుకే అద్దం లెక్క ఇక్కడ పనికొస్తోంది. కంపెనీల మీద ఆంక్షలు బిగిసేకొద్దీ ఈ సౌకర్యం తగ్గుతుంది. 2025 చివరి నుంచి గమ్యం తెలియని ఓడలకు విడిగా ఒక వరస పెట్టుకోవడం మంచిది.

ధర: అసలు కథంతా ఇక్కడే

పరిమాణం కంటే ధరే ఆంక్షలు ఎక్కువగా తాకిన చోటు. ధర పరిమితి పెట్టినవాళ్ల ఉద్దేశమూ అదే: చమురు మార్కెట్‌లోకి వస్తూనే ఉండాలి, రాబడి మాత్రం తగ్గాలి.

ప్రపంచ కొలబద్ద బ్రెంట్. రష్యా ప్రధాన రకం ఉరల్స్. రెండింటి మధ్య తేడాయే తగ్గింపు. ఉక్రెయిన్ యుద్ధానికి ముందు అది మామూలుగా ఒకటి రెండు డాలర్లే. 2022 ఏప్రిల్‌కల్లా 30 డాలర్లు దాటింది. తర్వాత కుదించుకుని, నిషేధం అమలైన వెంటనే మళ్లీ విచ్చుకుంది. 2023 జనవరిలో రష్యా ఆర్థిక శాఖ చెప్పిన ఉరల్స్ సగటు 49.48 డాలర్లు. ఆ నెల బ్రెంట్ 80 డాలర్లకు పైనే ఉంది.

ఈ తేడా మొత్తాన్ని పరిమాణంతో గుణించి "ఇదే నష్టం" అనేయడం తొందరపాటు. మూడు విషయాలు విప్పి చూడాలి.

మొదట, ధర కొలిచే చోటు. పాతరోజుల్లో ఉరల్స్ ధరను రాటర్‌డామ్, ఇటలీలోని ఆగస్టా రేవుల్లో సరుకు దిగినప్పటి ధరగా చెప్పేవారు. అందులో రవాణా ఖర్చు కలిసి ఉంటుంది. ఇప్పుడు చెప్పేది ప్రిమోర్స్క్, నోవోరోసీస్క్‌లలో ఓడ ఎక్కేటప్పటి ధర. పాత వరసను కొత్త వరసకు నేరుగా అతికిస్తే, రవాణా ఖర్చు కూడా ఆంక్షల నష్టంగా లెక్కలో చేరుతుంది. పాత ధర నుంచి అప్పటి రవాణా ఖర్చు తీసేసి, రెండింటినీ ఓడ ఎక్కే చోటికి తెచ్చాకే పోల్చండి.

తర్వాత, తగ్గింపు ఎవరి జేబులోకి పోయింది. యూరప్‌కు వారం ప్రయాణం చేసే సరుకు ఆసియాకు నెల ప్రయాణం చేస్తే ఓడ అద్దె, బీమా, మధ్యవర్తి లాభం పెరుగుతాయి. ప్రిమోర్స్క్‌లో శీతాకాలం గడ్డకట్టిన సముద్రంలో నడిచే ఓడలే కావాలి కాబట్టి జనవరి నుంచి మార్చి దాకా అద్దె ఇంకా ఎక్కువ. ఈ ఖర్చంతా ఎఫ్‌ఓబీ ధర నుంచే పోతుంది. కానీ ఆ ఓడలు రష్యా కంపెనీలవో, వాటి చాటు సంస్థలవో అయితే అద్దెలో కొంత తిరిగి ఇంటికే చేరుతుంది. పాత ట్యాంకర్లు కొని, గాబన్, కుక్ ఐలాండ్స్, కామెరూన్ లాంటి జెండాలు ఎగరేసుకుని తిరిగే నీడ నౌకాదళం ఇందుకే పుట్టింది. ప్రపంచ సముద్ర రవాణా టన్నేజీలో దాదాపు 90 శాతానికి రక్షణ ఇచ్చే పాశ్చాత్య బీమా సంఘాలు ధర పరిమితికి లోబడాలి. వాటితో పనిలేని ఓడలకు పరిమితితోనూ పని ఉండదు.

ధర పరిమితిలో ఇంకో రంధ్రం ఉంది. పరిమితి ఓడ ఎక్కే ధరకే వర్తిస్తుంది, రవాణా ఖర్చుకు కాదు. కాగితం మీద చమురు 59 డాలర్లకు అమ్మి, మిగతాది ఓడ అద్దెలో పెంచి రాస్తే నియమం పాటించినట్టే కనిపిస్తుంది. అందుకే దిగుమతి దేశం చెప్పిన దిగుమతి ధరను, ఓడ మార్కెట్‌లో ఆ వారం నడిచిన మామూలు అద్దెను పక్కపక్కన పెట్టి చూడాలి. దిగుమతి ధర నుంచి మామూలు అద్దె, బీమా తీసేస్తే వచ్చేది అసలు ఎఫ్‌ఓబీకి దగ్గరి అంకె. అది ప్రకటిత ధర కంటే ఎక్కువుంటే, ఆ తేడా మధ్యలో ఎవరికో ముడుతోందన్నమాట.

చివరగా, అన్ని రేవుల చమురూ ఒకటి కాదు. పసిఫిక్ తీరంలోని కోజ్మినో నుంచి వెళ్లే ఎస్పో రకం చైనాకు దగ్గర, దారి చిన్నది. దాని తగ్గింపు ఎప్పుడూ బాల్టిక్ రేవుల కంటే తక్కువ. 60 డాలర్ల పరిమితి అమలైన తొలి వారాల్లో కూడా అది పరిమితికి పైనే అమ్ముడైంది. భూమి మీదుగా యూరప్‌కు పోయే ద్రూజ్బా పైప్‌లైన్ నిషేధం నుంచి మినహాయింపు పొందింది. కాబట్టి బాల్టిక్, నల్ల సముద్రం, పసిఫిక్, పైపు అని నాలుగు వరసలు పెట్టి, ఒక్కోదానికి దాని పరిమాణం, దాని ధర వేయండి. 2023 జనవరిలో ఉరల్స్ తగ్గింపును మొత్తం ఎగుమతికి రుద్దినవాళ్లు నష్టాన్ని బాగా ఎక్కువ చేసి చూపించారు.

ఒక్క డాలర్ తేడా ఎంత బరువో గుర్తుంచుకోవడానికి: లక్ష టన్నుల సరుకు మోసే ఆఫ్రామాక్స్ ఓడలో 7.3 లక్షల బ్యారెళ్లు ఉంటాయి. తగ్గింపు ఒక డాలర్ పెరిగితే ఆ ఒక్క ఓడ మీద 7.3 లక్షల డాలర్లు పోయినట్టే.

విడగొట్టడం, అంకెలతో

ఇప్పుడు అసలు పని. సులువుగా ఉండేలా ఊహా అంకెలు తీసుకుందాం. ఆంక్షలకు ముందు నెలలో రోజుకు 50 లక్షల బ్యారెళ్ల ముడిచమురు, బ్రెంట్ 98 డాలర్లు, తగ్గింపు 3. నెలకు 15 కోట్ల బ్యారెళ్లు, బ్యారెల్‌కు 95, మొత్తం 1,425 కోట్ల డాలర్లు. ఆంక్షల తర్వాతి నెలలో రోజుకు 48 లక్షలు, బ్రెంట్ 80, తగ్గింపు 28. నెలకు 14.4 కోట్ల బ్యారెళ్లు, బ్యారెల్‌కు 52, మొత్తం 748.8 కోట్లు. పడిపోయింది 676.2 కోట్ల డాలర్లు.

పత్రికల్లో అయితే "ఆంక్షలతో రాబడి సగానికి సగం" అని శీర్షిక వచ్చేస్తుంది. విడగొట్టి చూద్దాం. బ్రెంట్ 18 డాలర్లు తగ్గడం వల్ల పాత పరిమాణం మీద 18 × 15 = 270 కోట్లు పోయాయి. ఇది ప్రపంచ ధర పని. తగ్గింపు 25 డాలర్లు పెరగడం వల్ల 25 × 15 = 375 కోట్లు. పరిమాణం 60 లక్షల బ్యారెళ్లు తగ్గడం వల్ల కొత్త ధర మీద 31.2 కోట్లు. మూడూ కలిపితే 676.2. ఆంక్షల వాటా 406.2 కోట్లు, అంటే పతనంలో 60 శాతం.

ఇంకో మెట్టు ఉంది. పెరిగిన తగ్గింపులో 12 డాలర్లు అదనపు రవాణా ఖర్చు అనుకోండి, ఆ ఓడల్లో సగం రష్యా అదుపులోవే అనుకోండి. 14.4 × 12 లో సగం 86.4 కోట్లు దేశంలోకే తిరిగొచ్చాయి. నికర కోత 319.8 కోట్లకు దిగింది. ఓడల ఇంధనం, సిబ్బంది జీతాలు నిజమైన ఖర్చులు కాబట్టి తిరిగొచ్చేది ఇంకాస్త తక్కువే ఉంటుంది. 319.8 నుంచి 406.2 దాకా అని పరిధిగా రాయడం నిజాయితీ.

విడగొట్టే వరస మారితే అంకెలూ మారతాయి. ధర మార్పులను కొత్త పరిమాణం మీద, పరిమాణం మార్పును పాత ధర మీద లెక్కిస్తే పరిమాణం వాటా 31.2 కాక 57 కోట్లు వస్తుంది. రెండూ తప్పు కాదు. రెండు పద్ధతుల సగటు, 44.1, తీసుకోవడం మంచి అలవాటు. ఏ నెలకు ఆ నెల పద్ధతి మార్చడం మాత్రం తప్పు.

ఇక కష్టమైన ప్రశ్న. బ్రెంట్ పతనాన్ని ఆంక్షలతో సంబంధం లేనిదిగా తీసేశాం. కానీ 2022లో బ్రెంట్ ఏడాది సగటు 100 డాలర్ల దాకా లేచిందంటే అందులో యుద్ధ భయం, ఆంక్షల భయం లేవా? ఉన్నాయి. సరఫరా పోతుందేమోనన్న భయం ధరను పెంచింది. ఆ పెరుగుదల తగ్గింపు నష్టాన్ని మింగేసి ఇంకా మిగిలింది. 2022లో ఖజానా నిండటానికి ప్రధాన కారణం ఇదే, పెద్ద నిషేధం డిసెంబర్ దాకా అమల్లోకి రాకపోవడమూ తోడైంది. ప్రకటించడానికీ అమలుకీ మధ్య ఆరు నెలలు గడువిస్తే అమ్మేవాడికి రెండు లాభాలు: ఎక్కువ ధర, ఓడలు కూడగట్టుకునే సమయం. ఆంక్షల రూపకల్పనలో దీన్ని మించిన తప్పు లేదనేది మా అభిప్రాయం. లెక్కలో దీన్ని పట్టుకోవాలంటే రెండు సార్లు నడపండి. ఒకసారి ఆ నెల నిజమైన బ్రెంట్‌తో, ఇంకోసారి 2022 జనవరిలో భవిష్యత్ డెలివరీకి నడిచిన ఫ్యూచర్స్ ధరలతో. రెండింటి మధ్య దూరమే మీ అనిశ్చితి.

ఖజానా వైపు

రష్యా బడ్జెట్‌కు చమురు సొమ్ము ప్రధానంగా ఖనిజ వెలికితీత పన్ను రూపంలో వస్తుంది. ఎగుమతి సుంకాన్ని 2024 జనవరి 1 నుంచి సున్నా చేశారు. పన్నులో ముఖ్య భాగం ఇలా ఉంటుంది: ఉరల్స్ ధర నుంచి 15 తీసేసి, డాలర్‌కు రూబుల్ రేటుతో గుణించి, 261తో భాగించి, వచ్చినదాన్ని టన్నుకు 919 రూబుళ్లతో గుణించాలి. దీనికి కలిపేవీ తీసేసేవీ చాలా ఉన్నాయి కానీ పన్ను నడక ఈ భాగంలోనే తెలిసిపోతుంది.

రేటు 70 దగ్గర పెట్టి చూడండి. ఉరల్స్ 80 ఉంటే టన్నుకు దాదాపు 16,020 రూబుళ్లు, 50 ఉంటే దాదాపు 8,630. ధర 37.5 శాతం తగ్గితే పన్ను 46 శాతం తగ్గింది. ఆ 15 డాలర్ల మినహాయింపు వల్లే ఈ వంపు. కంపెనీకంటే ఖజానాకే దెబ్బ ఎక్కువ తగిలేలా పన్ను కట్టారు. ఇప్పుడు ధర 60 దగ్గర ఆపి రేటు మార్చండి. 92 రూబుళ్ల దగ్గర టన్నుకు 14,580, 78 దగ్గర 12,360. ధర కదలకుండానే 15 శాతం పోయింది. 2025లో ఖజానా రాబడి పడటానికి బ్రెంట్ తగ్గడంతో పాటు రూబుల్ బలపడటమూ పెద్ద కారణం. దాన్ని పూర్తిగా ఆంక్షల ఖాతాలో వేయడం సరికాదు. అక్టోబర్ చివరి ఆంక్షల తర్వాత తగ్గింపు విచ్చుకున్న భాగాన్ని మాత్రం వేయొచ్చు.

2023 జనవరిలో చమురు, గ్యాస్ రాబడి 42,550 కోట్ల రూబుళ్లు, ముందటి ఏడాది జనవరి కంటే 46 శాతం తక్కువ. దాన్ని చూసి మాస్కో చేసింది గమనించండి. మార్కెట్‌లో ఉరల్స్ ఎంతకు అమ్ముడైనా, పన్ను కోసం ధరను బ్రెంట్ నుంచి ఒక నిర్ణీత తగ్గింపుకు మించి పడనివ్వలేదు. ఆ తగ్గింపు ఏప్రిల్‌లో 34 డాలర్లు, మేలో 31, జూన్‌లో 28, జులైలో 25, సెప్టెంబర్ నుంచి 20. అంటే అప్పటినుంచి ఖజానా రాబడి చూసి అమ్మకపు ధర ఊహించడం కుదరదు. తగ్గింపు ఈ గీత దాటితే ఆ నష్టం కంపెనీల మీదే పడుతుంది, ప్రభుత్వం తన వాటా తీసుకుంటూనే ఉంటుంది. రాబడి బాగున్నట్టు కనిపించే నెలల్లో కంపెనీల లాభాలు, కొత్త బావుల మీద పెట్టుబడులు చూడటం తప్పనిసరి.

నెలవారీ అంకె చదివేటప్పుడు ఇంకొన్ని జాగ్రత్తలు. వెలికితీత పన్ను తర్వాతి నెలలో కడతారు, కాబట్టి డిసెంబర్ ధర జనవరి ఖజానాలో కనిపిస్తుంది. అదనపు రాబడి పన్ను మార్చి, ఏప్రిల్, జులై, అక్టోబర్‌లలో వస్తుంది. ఏప్రిల్‌ను మేతో పోల్చి "కుప్పకూలింది" అనకండి, నిరుటి ఏప్రిల్‌తోనే పోల్చండి. శుద్ధి కర్మాగారాలకు ఇచ్చే రాయితీలు ఈ అంకెలోంచే తీసేస్తారు. ఒక్కసారి వసూళ్లనైతే తప్పకుండా పక్కకు తీయాలి. 2022 సెప్టెంబర్ నుంచి నవంబర్ దాకా ప్రభుత్వ గ్యాస్ కంపెనీ గాజ్‌ప్రోమ్ నుంచి నెలకు 41,600 కోట్ల చొప్పున, మొత్తం 1.248 లక్షల కోట్ల రూబుళ్లు అదనపు పన్నుగా లాగారు. అది తీసేస్తే 2022 రాబడి 10.34 లక్షల కోట్లే. 2023 పతనం 24 శాతం కాదు, 15 శాతం దగ్గరే. శీర్షికలకెక్కిన 24 శాతంలో ఇంత భాగం పాత ఏడాది వాపు.

గ్యాస్‌ది వేరే దారి

గ్యాస్‌కు ఈ పద్ధతి సరిపోదు. ఓడ మళ్లించినట్టు పైపును మళ్లించలేరు. యూరప్‌కు పోయే సైబీరియా గ్యాస్ చైనాకు పోవాలంటే కొత్త పైపు కావాలి. ఉన్న పవర్ ఆఫ్ సైబీరియా ఏటా 3,800 కోట్ల ఘనపు మీటర్లకే సరిపోతుంది, అదీ వేరే బావుల నుంచి. పైపు, ద్రవీకృత గ్యాస్ కలిపి యూరోపియన్ యూనియన్ 2021లో రష్యా నుంచి దాదాపు 15,000 కోట్ల ఘనపు మీటర్లు కొంటే, 2024లో కొన్నది దాదాపు 5,200 కోట్లు.

అయితే ఈ నష్టాన్ని ఆంక్షల ఖాతాలో వేసే ముందు ఆగండి. పైపు గ్యాస్‌ను యూరప్ అప్పట్లో నిషేధించలేదు. రూబుళ్లలో చెల్లించమని పట్టుబట్టి 2022 ఏప్రిల్ 27న పోలెండ్, బల్గేరియాలకు సరఫరా ఆపింది గాజ్‌ప్రోమే. ధర 2022 ఆగస్టులో యూరప్ మార్కెట్‌లో మెగావాట్ గంటకు 300 యూరోలు దాటింది, కాబట్టి తక్కువ గ్యాస్‌తోనే ఎక్కువ డబ్బు వచ్చింది. ధర చల్లబడగానే మార్కెట్ పోయిన సంగతి బయటపడింది: 2023లో గాజ్‌ప్రోమ్‌కు 62,900 కోట్ల రూబుళ్ల నికర నష్టం. షీటులో దీనికి "సొంత నిర్ణయం" అని విడిగా వరస పెట్టండి. యూరోల ధరను వెయ్యి ఘనపు మీటర్లకు మార్చాలంటే 10.5తో గుణించండి.

చేతికొచ్చినా వాడలేని డబ్బు

ఎగుమతి విలువలో కనిపించే ప్రతి డాలరూ ఒకే విలువ గలది కాదు. 2023 మేలో గోవాలో రష్యా విదేశాంగ మంత్రి సెర్గీ లావ్రోవ్, భారత బ్యాంకుల్లో వందల కోట్ల రూపాయలు పేరుకున్నాయని, వాటిని వేరే కరెన్సీలోకి మార్చుకోగలగాలని బాహాటంగానే అన్నారు. కొన్నవాడి నుంచి తిరిగి కొనడానికి తగినంత సరుకు లేకపోతే ఆ సొమ్ము అక్కడే ఉండిపోతుంది. తర్వాత దిర్హమ్, యువాన్ చెల్లింపులు పెరిగాయి. 2023 డిసెంబర్ 22న విదేశీ బ్యాంకుల మీదా ఆంక్షలు వేస్తామని అమెరికా హెచ్చరించాక చైనా, తుర్కియే బ్యాంకులు చెల్లింపులను నెమ్మది చేశాయి.

దీన్ని అంకెగా మార్చడం కష్టమే కానీ వదిలేయకూడదు. ఏ కరెన్సీలో ఎంత వాటా వచ్చిందో రష్యా కేంద్ర బ్యాంకు ప్రకటనల నుంచి రాసుకోండి. స్వేచ్ఛగా మారే కరెన్సీ వాటాను, మారనిదాన్ని విడివిడిగా చూపండి. మధ్యవర్తి కమీషన్‌కు ఒక ఊహ తీసుకుంటే ఆ శాతాన్ని పైనే రాయండి, అంకెల్లో కలిపి దాచకండి.

ప్రకటించే ముందు

రెండు దారుల్లో (ఓడల జాడ, అద్దం లెక్క) వచ్చిన ఎగుమతి విలువల మధ్య తేడా 10 శాతం దాటితే మొదట కజకిస్తాన్ చమురు, తర్వాత నెల జరుపుడు, ఆ తర్వాత దిగుమతి ధరలో కలిసిన రవాణా ఖర్చు, ఈ వరసలో వెతకండి. ఎక్కువసార్లు మొదటి రెండింటిలోనే దొరుకుతుంది. ఓడల జాడ అంకెలను ఆయా సంస్థలు వారాల తరబడి సవరిస్తూనే ఉంటాయి, కస్టమ్స్ అంకెలు ఇంకా ఆలస్యంగా మారతాయి. నెల ముగిసిన పది రోజులకే కట్టిన లెక్క మీద "తాత్కాలికం" అని రాసి, మూడో నెలలో అదే షీటును కొత్త అంకెలతో మళ్లీ నడపండి. పాత ప్రతిని చెరపకుండా తేదీ వేసి పక్కనే ఉంచండి. ఏ వరస ఎంత కదిలిందో అప్పుడే కనిపిస్తుంది.